చెయ్యెత్తితే ఊరుకున్న జనం

1998 చలికాలంలో నేను న్యూయార్క్ పక్కనున్న జెర్సీ సిటీలో దిగాను. నలుగురం కుర్రాళ్ళం, రెండు గదులు, ఒక కుక్కరు. కింది వాటాలో ఒక ఐరిష్ పెద్దాయన ఒంటరిగా ఉండేవారు. రేవులో సరుకు దించే పని చేసి రిటైరైన మనిషి. మా పోపు ఘాటుకు మొదట్లో దభాలున తలుపు వేసుకునేవారు. ఆరు నెలలు తిరిగేసరికి అదే తలుపు ఓరగా తీసి, "ఈ రోజు ఏమి వండారు?" అని అడగడం మొదలుపెట్టారు. పులిహోర ఆయనకు బాగా నచ్చింది. పప్పుచారు నచ్చలేదు. సూప్ అనుకుని చెంచాతో తాగుతూ ఎండుమిరపకాయ నమిలేశారు.

శనివారం రాత్రుళ్ళు ఆయన టీవీలో బాక్సింగ్ చూసేవారు. నాకు బాక్సింగ్ అంటే మహమ్మద్ అలీ పేరు తప్ప ఏమీ తెలియదు. అయినా ఆయన సోఫా మా నేల మీది పరుపు కంటే మెత్తగా ఉండేది కాబట్టి వెళ్ళి కూర్చునేవాణ్ణి. ఒక రాత్రి నల్లకోటు, బో టై వేసుకున్న రింగ్ అనౌన్సర్ మైకు పట్టుకుని పేర్లను సాగదీసి సాగదీసి చదువుతున్నాడు. పెద్దాయన విసుక్కున్నారు.

"ఆ మైకు లాగేసుకుంటే ఇతను ఏం చేస్తాడు? మా నాన్న విన్న మనిషికి మైకే లేదు. జో హంఫ్రీస్. ఎనభై వేల మంది జనం. ఇక్కడే, మాంట్‌గొమరీ వీధిలో."

మాంట్‌గొమరీ వీధి మాకు రోజూ బస్సులో దాటే వీధి. అక్కడ నేను చూసినవి గవర్నమెంటు కట్టిన ఎత్తయిన అపార్టుమెంట్లు, ఆరేసిన బట్టలు, బస్సు కోసం నిలబడ్డ జనం, అంతే. ఎనభై వేల మంది మాట నమ్మలేదు. ముసలివాళ్ళ లెక్కలు అలాగే ఉంటాయనుకున్నాను. మా ఊళ్ళో కూడా ఎప్పటి తిరునాళ్ళ గురించి అడిగినా లక్ష మంది వచ్చారనే చెబుతారు.

తర్వాత ఒక ఆదివారం ఏమీ తోచక ఊరి పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళి పాత పత్రికల మైక్రోఫిల్ములు తిప్పాను. పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. 1921 జూలై 2, శనివారం. ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్ జాక్ డెంప్సీకి, ఫ్రాన్సు నుంచి వచ్చిన జార్జ్ కార్పెంటియర్‌కు పోటీ. దాన్ని నిర్వహించిన టెక్స్ రికర్డ్ అనే ఆయన మొదట న్యూయార్క్‌లో పెట్టాలనుకున్నాడు. అక్కడి గవర్నర్ ఇష్టపడలేదు. నది దాటితే జెర్సీ సిటీ, అక్కడి మేయర్ ఫ్రాంక్ హేగ్ రమ్మన్నాడు. బాయిల్ అనే ఆసామి భూమిలో, ఈ ఒక్క పోటీ కోసం, రెండు నెలల్లో ఎనిమిది పలకల చెక్క స్టేడియం లేపారు. దాని పేరే బాయిల్స్ థర్టీ ఏకర్స్. మన లెక్కలో బాయిల్ గారి ముప్ఫై ఎకరాలు. టికెట్టు కొన్నవాళ్ళు 80,183 మంది. వసూలు 17,89,238 డాలర్లు. ఒక బాక్సింగ్ పోటీకి పది లక్షల డాలర్లు దాటిన వసూలు రావడం అదే మొదటిసారి. జనం కదిలితే ఆ చెక్క కట్టడం కూడా కదిలేదట, వంతెన మీద పెళ్ళి ఊరేగింపు పోతున్నట్టు.

ఇంకో సంగతి కూడా తెలిసింది. జెర్సీ సిటీలో ఒక వయసు దాటినవాళ్ళను ఎవరిని కదిపినా, వాళ్ళ నాన్నో తాతో ఆ రోజు అక్కడే ఉన్నాడంటారు. అందరినీ నమ్మితే ఆ స్టేడియంలో ఎనిమిది లక్షల మందిని కుక్కాలి.

పోటీ సంగతి నాకు పెద్దగా పట్టలేదు. కార్పెంటియర్ మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల్లో పోరాడి పతకాలు తెచ్చుకున్నవాడు, అందగాడు. డెంప్సీ ఆ యుద్ధానికి వెళ్ళలేదు. ఎగ్గొట్టాడని కోర్టులో కేసు కూడా నడిచి, నిర్దోషి అని తేలింది. అందుకే సొంత గడ్డ మీద కూడా సగం మంది పరాయి మనిషికే జేజేలు కొట్టారు. రెండో రౌండులో కార్పెంటియర్ బొటనవేలు విరిగింది. నాలుగో రౌండులో మనిషే పడిపోయాడు. అంతే కథ. నన్ను పట్టుకున్నది అంతకు ముందు ఘట్టం. ఇద్దరినీ బరిలోకి పిలిచి, ఎవరు ఎవరో ఎనభై వేల మందికి చెప్పాలి. ఆ మధ్యాహ్నం ఆ పని చేసినవాడు నలభై ఎనిమిదేళ్ళ జో హంఫ్రీస్. చేతిలో ఏమీ లేదు. బేస్‌బాల్ మైదానాల్లో అప్పటికే వాడుతున్న మెగాఫోను కూడా లేదు. ఒట్టి గొంతు.

విచిత్రమేమిటంటే, ఆ గొంతును ఇంటికి పంపించే యంత్రం కూడా ఆ రోజు అదే బరి పక్కన కూర్చుంది. ఆండ్రూ వైట్ అనే ఆయన టెలిఫోనులో పోటీని వర్ణిస్తుంటే, రెండు మైళ్ళ అవతల హోబోకెన్ రైల్వే స్టేషన్లో స్మిత్ అనే ఆయన ఆ మాటలను మళ్ళీ చదివి రేడియోలో వినిపించాడు. స్టేషన్ గడియారం గోపురానికీ పక్కనున్న టవరుకూ మధ్య ఏరియల్ తీగ కట్టారు. అంటే ఊళ్ళలో హాళ్ళలో కూర్చుని విన్నవాళ్ళు ఒకరి మాటలను మరొకరి గొంతులో విన్నారన్నమాట. ఆ గోపురాన్ని తర్వాత కూల్చేశారు. 2007లో అలాంటిదే మళ్ళీ కట్టారు. నేను చాలా ఏళ్ళు ఆ స్టేషన్ మీదుగానే ఆఫీసుకు పోయాను. రైలు ఆలస్యమైన రోజుల్లో ఇదంతా గుర్తుకొచ్చి పైకి చూసేవాణ్ణి. పైన పావురాలు ఉండేవి.

అక్కడి నుంచి హంఫ్రీస్ గురించి ఏది దొరికినా చదవడం అలవాటైంది. ఆయన 1872లో న్యూయార్క్‌లోనే పుట్టారు. బాక్సింగ్‌లోకి వచ్చి శామ్ హారిస్‌తో కలిసి టెర్రీ మెక్‌గవర్న్ అనే బ్రూక్లిన్ కుర్రాడి వ్యవహారాలు చూశారు. ఆ కుర్రాడు 1899లో పెడ్లర్ పామర్‌ను మొదటి రౌండులోనే పడగొట్టి, తక్కువ బరువు వాళ్ళ తరగతి అయిన బాంటమ్‌వెయిట్‌లో చాంపియన్ అయ్యాడు. మరుసటి జనవరిలో జార్జ్ డిక్సన్‌ను ఓడించి దాని పై తరగతి ఫెదర్‌వెయిట్ కూడా గెలిచాడు. శామ్ హారిస్ తర్వాత నాటకాల వైపు వెళ్ళి బ్రాడ్‌వేలో పెద్ద నిర్మాత అయ్యాడు. హంఫ్రీస్ మాత్రం బరిని వదల్లేదు. గొంతే జీవనోపాధిగా ముసలితనం దాకా నడిచారు. 1923లో న్యూయార్క్ పోలో గ్రౌండ్స్ స్టేడియంలో అర్జెంటీనా బాక్సర్ ఫిర్పో దెబ్బకు డెంప్సీ తాళ్ళ మధ్యనుంచి బయటికి ఎగిరిపడిన రాత్రి కూడా అనౌన్సర్ ఆయనే. ఆ గొడవంతా నాలుగు నిమిషాలు కూడా సాగలేదు. పేర్లు చదివిన శ్వాస తిరిగి తీసుకునేలోపే ఫలితం చెప్పాల్సి వచ్చి ఉంటుంది.

ఇంతకూ నేను ఈయన వెంట ఎందుకు పడ్డానో చెప్పాలి. మా నాన్న డ్రిల్లు మాస్టారు. తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేశారు. ఆటల పోటీల రోజున ఫలితాలు చదివేది ఆయనే. మైకు సెట్టు అద్దెకు తెచ్చేవాళ్ళు గానీ, జనవరి నెలలో అయినా సరే ముఖ్య అతిథి లేచేసరికి కరెంటు పోయేది. అప్పుడు నాన్న వేదిక దిగి మైదానం నడిమధ్యకు వచ్చి నిలబడేవారు. మెడలో ఈల ఉన్నా ఊదేవారు కాదు. "ఈల ఊదితే పిల్లలు ఇంకా అరుస్తారు" అనేవారు. కుడి చెయ్యి పైకెత్తి, ఎటూ చూడకుండా, అలా నిలబడిపోయేవారు. ముందు వరుస సద్దుమణిగేది. తర్వాత వెనక వరుస. చివరికి గోడ మీద కూర్చున్న ఆకతాయిలు. చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం వచ్చాక, "వంద మీటర్ల పరుగు, ప్రథమ..." అని మొదలుపెట్టేవారు. నేను ఒక్కసారీ ప్రథమ రాలేదు. డ్రిల్లు మాస్టారి కొడుకు చివరి నుంచి రెండోవాడిగా రావడం ఆ నిశ్శబ్దంలో ఎలా ఉంటుందో ఊహించుకోండి.

2004 వేసవిలో నాన్న, అమ్మ ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. అందరిలాగే నేనూ నయాగరా చూపించాను, వాషింగ్టన్ చూపించాను. వాషింగ్టన్‌లో నేషనల్ గ్యాలరీ అని ఉంది. అమ్మ కాళ్ళ నొప్పులతో బల్ల మీద కూర్చుండిపోతే, నేనూ నాన్నా గదులు తిరిగాం. జార్జ్ బెలోస్ 1909లో వేసిన ఒక పెద్ద బొమ్మ ముందు నాన్న ఆగారు. చీకటి, నెత్తురు, ఒకరి మీదికి ఒకరు ఒరిగిన ఇద్దరు బాక్సర్లు, కింద వికృతంగా నవ్వుతున్న ముఖాలు. బొమ్మ పేరు మన మాటల్లో చెప్పాలంటే "ఇద్దరూ ఈ క్లబ్బు సభ్యులే".

"కొట్టుకుంటున్నారు గదా, సభ్యులేమిట్రా?" అన్నారు నాన్న.

నాకు తెలిసిన సంగతి కాబట్టి చెప్పాను. 1900లో న్యూయార్క్‌లో బహిరంగ బాక్సింగ్‌ను నిషేధించారు. ప్రైవేటు క్లబ్బుల్లో సభ్యులు సభ్యులతో ఆడుకుంటే అభ్యంతరం లేదన్నారు. ఇక చూడండి తమాషా. సారా కొట్టు వెనక గదులన్నీ క్లబ్బులైపోయాయి. తలుపు దగ్గర డబ్బు కట్టిన ప్రతివాడూ ఆ ఒక్క రాత్రికి సభ్యుడు. బాక్సర్లు కూడా ఆ రాత్రికి సభ్యులే. బరిలో నిలబడి అనౌన్సర్ ఇద్దరి పేర్లూ చదివి, నవ్వకుండా "ఇద్దరూ ఈ క్లబ్బు సభ్యులే" అని ప్రకటించాలి. పోలీసు వింటాడు, తల ఊపుతాడు. చట్టం నిలబడుతుంది.

నాన్నకు ఇది మహా నచ్చింది. "కోడిపందేల రోజున మనవాళ్ళు సంప్రదాయం అన్నట్టు" అన్నారు. ఆ తర్వాత రోజంతా ఏ ఇద్దరు కనబడినా, మ్యూజియం క్యాంటీనులో పోట్లాడుకుంటున్న అన్నాచెల్లెళ్ళతో సహా, ఇద్దరూ ఈ క్లబ్బు సభ్యులే అని నా చెవిలో ఊదడం.

దీని తర్వాతి చట్టం ఇంకా విచిత్రం. 1911లో ఫ్రాలీ చట్టం అని తెచ్చారు. పోటీ పెట్టుకోవచ్చు, పది రౌండ్లు ఆడొచ్చు, కానీ నిర్ణయం చెప్పకూడదు. నాకౌట్ అయితే సరే. ఇద్దరూ చివరిదాకా నిలబడితే ఎవరు గెలిచారో ప్రకటించడం నేరం. జనం ఇంటికి వెళ్ళి, మరునాడు పత్రికలో విలేఖరి ఎవరిని మెచ్చుకున్నాడో చూసుకుని, పందేలు తీర్చుకునేవారు. అనౌన్సర్ ఉద్యోగం ఏమిటి మరి? పేర్లు చెప్పడం, బరువులు చెప్పడం, చివర్లో చెప్పవలసిన ఒకే ఒక్క మాటను మింగడం. అలా ఆరేళ్ళు నడిచి, 1917లో అసలుకే నిషేధం వచ్చింది. 1920లో వాకర్ చట్టం వచ్చాకే జడ్జీలు, తీర్పులు, పదిహేను రౌండ్లు మొదలయ్యాయి. అప్పుడు అనౌన్సర్ జడ్జీల చీటీలు తీసుకుని, విప్పి, చదివే మనిషయ్యాడు. ఆ చీటీ చదివే ముందు క్షణం ఒకటి ఉంటుంది చూడండి, పరీక్షా ఫలితాలు గోడకు అంటించే గుమస్తా జిగురు రాస్తున్న క్షణం లాంటిది, అది హంఫ్రీస్‌కు నలభై ఎనిమిదో ఏట గానీ పూర్తిగా దక్కలేదు.

జెర్సీ సిటీకి తిరిగొచ్చాక నాన్నను కింది వాటాకు తీసుకెళ్ళాను. ఇద్దరికీ ఒక భాష లేదు. నాన్న ఇంగ్లీషు ఆయనకు అర్థం కాదు, ఆయన ఇంగ్లీషు నాకే సగం అర్థం కాదు. మధ్యలో నేను దుబాసీని. నాన్న అడిగిన మొదటి ప్రశ్న నాకు ఆరేళ్ళుగా తట్టనిది. "బరికి నాలుగు వైపులా జనం ఉన్నారు గదా. వీపు ఎటు పెట్టాడు?"

పెద్దాయన కళ్ళు మెరిశాయి. లేచి నిలబడ్డారు. వాళ్ళ నాన్న చేసి చూపించేవారట, అది ఈయన మాకు చేసి చూపించారు. ముందు చెయ్యి పైకి. అలాగే ఉంచి నెమ్మదిగా ఒక్కో దిక్కుకు తిరగడం. జనం ఊరుకునేదాకా పెదవి విప్పకపోవడం. తర్వాత ఒక్కో దిక్కుకు ఒక్కోసారి, అవే నాలుగు మాటలు. పొడుగు వాక్యాలు ఉండవు. పేరు, ఊరు, బరువు, చాంపియనా కాదా. "గెలిచినవాడు" అనే మాట దగ్గర మాత్రం ఆయన ఊపిరంతా పోసి, "విన్నా..." అని లాగారు. విన్నర్‌లో చివరి ర-కారాన్ని న్యూయార్క్ పాతకాలపు నోళ్ళు మింగేసేవి. అప్పటి పత్రికలు కూడా బరిలో వినబడ్డట్టే రాసేవి. నాన్న పకపకా నవ్వారు.

"వాడు విన్నా అంటాడు, జనం విన్నాం అంటారు!"

ఇది అనువాదం చేయలేక నేను చచ్చాను. చివరికి తెలుగులో ఆ శబ్దానికి వినడం అనే అర్థం ఉందని చెబితే పెద్దాయన చాలాసేపు ఆలోచించి, "అయితే మీ భాషే సరైనది" అన్నారు.

ఆ సాయంత్రం నాన్న మేడమెట్ల మీద కూర్చుని పాఠం లాంటిది చెప్పారు. మైదానంలో హల్లులు పక్కవాడి దాకానే పోతాయట, అచ్చులే గోడ దాకా పోతాయట. అందుకే పద్యం పాడేవాడు చివర రాగం తీస్తాడు, టముకు వేసేవాడు "యావన్మందికీ..." అని దీర్ఘం తీస్తాడు. తెలుగు అజంత భాష, ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది కాబట్టి మాకు సగం పని భాషే చేసిపెట్టింది అన్నారు. "పాపం ఇంగ్లీషువాడికి ప్రతి మాట చివరా తలుపు మూసుకుపోతుంది. ఆ ర-ని పారేశాడు చూడు, తలుపు తీసి పెట్టుకున్నాడు." ఇది భాషాశాస్త్రం ప్రకారం ఎంతవరకు నిలుస్తుందో పండితులు చెప్పాలి. మైదానంలో మాత్రం నిలిచింది, నేను సాక్షిని.

మైకు వచ్చాక ఏమైందో కూడా చెప్పాను. ఆ పోటీ నిర్వహించిన రికర్డే 1925లో న్యూయార్క్ ఎనిమిదో ఎవెన్యూలో మేడిసన్ స్క్వేర్ గార్డెన్ అనే ఆటల హాలును కొత్తగా కట్టాడు. (పేరు గార్డెన్, ఒక్క మొక్క ఉండదు. అదీ మేడిసన్ స్క్వేర్‌లో లేదు. ఇప్పటిదీ అంతే.) కాలక్రమంలో బరి పైకప్పు నుంచి మైకు దిగింది. హంఫ్రీస్ 1936లో పోయారు. గార్డెన్‌లో ఆయన స్థానంలోకి వచ్చిన హారీ బలో పొడవాటి అలంకారాల భాషకు పేరు పడ్డాడు. నాకైతే ఇది సహజమే అనిపిస్తుంది. ఊపిరి ఖర్చు లేనప్పుడు విశేషణాలు ఊరికే వస్తాయి. మన సభల్లో మైకు పట్టుకున్న ప్రతివాడూ అధ్యక్షులవారిని ఏడు బిరుదులతో పిలవడం చూడటం లేదా? ఇప్పుడైతే బరిలో అరిచే ఒక్క వాక్యాన్నే ట్రేడ్‌మార్క్ చేయించుకుని మైకేల్ బఫర్ అనే అనౌన్సర్ కోట్లు సంపాదించాడు. దాని మీద నాకు కోపం లేదు. నాన్నకు ఉంది. "వాక్యానికి పట్టా ఏమిటి?" అని చాలా రోజులు గొణిగారు.

వాళ్ళు తిరుగు ప్రయాణమయ్యే వారం ముందు, అక్టోబరులో, ఆ చోటు చూస్తానన్నారు నాన్న. చూడటానికి ఏమీ లేదని ముందే చెప్పాను. ఆ చెక్క స్టేడియాన్ని 1927లోనే పీకేశారు. అయినా మాంట్‌గొమరీ వీధికి నడిచాం. అపార్టుమెంట్లు, కార్లు, చెత్తడబ్బాలు. ఇద్దరు పిల్లలు బాస్కెట్ బంతితో పోట్లాడుకుంటున్నారు. నాన్న వాళ్ళను చూసి ఏమంటారో నాకు తెలుసు, అనేశారు కూడా.

తర్వాత కాలిబాట అంచున నిలబడి గాలి ఎటు వీస్తోందో చూశారు. స్వెటరు సర్దుకున్నారు. ఎనభై వేల మంది ఎక్కడిదాకా ఉండేవారని అడిగారు. నాకు తోచిన మేరకు చేత్తో చూపించాను, అదిగో ఆ అపార్టుమెంట్ల దాకా, ఇటు ఆ కొండవాలు దాకా. ఆయన అటూ ఇటూ కొలతగా చూసి, కష్టమే గానీ ఊరుకుంటే వినిపిస్తుంది అన్నారు. అని, మైదానంలో నిలబడ్డట్టే పాదాలు దగ్గరికి చేర్చి, కుడి చెయ్యి పైకెత్తి, ఎటూ చూడకుండా నిలబడ్డారు.

బంతి ఆగింది. పిల్లలిద్దరూ ఈ ముసలాయన ఎవరా అని చూస్తున్నారు. నేనూ ఊపిరి బిగబట్టాను.

వీధిలో వస్తున్న బస్సు కూడా మా ముందుకొచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. ఎక్కుతారా లేదా అని డ్రైవరు అడిగాడు. నాన్న చెయ్యి దించకుండానే నా వైపు తిరిగి, "ఏమంటున్నాడు?" అన్నారు.